ఎముక ఎక్కడుందో తెలిస్తే బొమ్మ నిలబడుతుంది



హాస్టల్ సంచిక అంటే లెక్కల చిట్కాలుంటాయి, ఇంగ్లీషు గ్రామరు ఉంటుంది, పోటీ పరీక్షలకు ఎలా చదవాలో అన్నయ్యల సలహాలుంటాయి. బొమ్మలు వేయడం గురించి మాత్రం పాఠంలా రాసేవాళ్ళు తక్కువ. నోట్సు వెనక అట్ట మీద హీరో బొమ్మ వేస్తే "చదువు మానేసి ఇదేంట్రా" అనే మాట ఏ హాస్టల్లోనైనా వినపడేదే. ఈసారి ఆ కొరత తీరుద్దామని బొమ్మలు వేసేవాళ్ళం కొందరం కలిసి కూర్చుని ఈ పాఠం రాస్తున్నాం.

పాఠం పేరు శరీర నిర్మాణ చిత్రలేఖనం. మనిషి ఒంట్లో ఎముకలు, కీళ్ళు, కండరాలు ఎక్కడెక్కడ ఎలా అమరి ఉన్నాయో తెలుసుకుని బొమ్మ వేయడం అన్నమాట. బొమ్మలు నేర్చుకునే ప్రతివాడికీ ఒక సందేహం వస్తుంది. ముందు ఎముకలూ కండరాలూ అన్నీ నేర్చేసుకుని ఆ తర్వాత సొంత బొమ్మ మొదలుపెట్టాలా? లేక ఈ కొలతల గొడవ వదిలేసి మనసుకు తోచింది వేసుకుంటూ పోవాలా? మేము చెప్పేది ఒక్కటే. రెండూ ఒకే రోజు మొదలుపెట్టాలి. సొంత బొమ్మ ఎక్కడ కుంటుతుందో అదే ఆ వారం నేర్చుకోవలసిన పాఠం.

మన తరగతి గది యారాడ

పెద్ద కళాశాలల్లో మోడల్‌ని ఎదురుగా కూర్చోబెడతారు. ప్లాస్టర్ విగ్రహాలుంటాయి, అస్థిపంజరం ఉంటుంది. మనకు అవి లేవు. కానీ విశాఖలో ఉన్నవాళ్ళకు యారాడ ఉంది. సింధియా మీదుగా వచ్చి డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కి అవతలికి దిగితే మూడు వైపులా కొండలు, ఒక వైపు బంగాళాఖాతం. కొండకు ఇటు పక్క 1933లో మొదలైన ఓడరేవు, హిందుస్తాన్ షిప్‌యార్డు. గాజువాక దాటితే ఉక్కు కర్మాగారం. ఒళ్ళు వంచి పనిచేసే మనుషులు ఇంతమంది ఇంత దగ్గరలో దొరికే చోటు బొమ్మలు నేర్చుకునేవాళ్ళకు వరం లాంటిది.

యారాడ ఒడ్డున పడవను ఇసుక మీదికి తోసేవాళ్ళు, వల లాగేవాళ్ళు, చేపల గంప నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్ళు కనపడతారు. వీళ్ళెవరూ మోడల్‌లా కదలకుండా నిలబడరు. అదే మంచిది. కదిలే మనిషిని గీయడం అలవాటైతే నిలబడిన మనిషి సులువవుతాడు.

అక్కడికి వెళ్ళేవాళ్ళకు ఒక హెచ్చరిక. యారాడలో అలల లాగుడు ఎక్కువ, అక్కడ ప్రాణాలు పోయిన సంగతులు పేపర్లలో చూస్తూనే ఉంటాం. బొమ్మకు వెళ్ళినవాళ్ళు నీళ్ళలోకి దిగవద్దు. వార్డెన్ గారికి చెప్పి, పెద్దవాళ్ళతో కలిసి వెళ్ళండి.

ఈ విద్య ఎవరిది?

శరీరం లోపల ఏముందో చూసి గీయడం అనగానే ఇటలీ పేరు చెబుతారు. లియొనార్డో డావిన్చి (1452–1519) ఫ్లోరెన్స్ ఆసుపత్రిలో శవాలను స్వయంగా కోసి, కండరాలూ నరాలూ గీసుకున్నాడు. 1543లో వెసాలియస్ అనే వైద్యుడు అచ్చు వేయించిన శరీర నిర్మాణ గ్రంథంలోని బొమ్మలు చూసి ఆ తర్వాత ఎన్నో తరాల చిత్రకారులు నేర్చుకున్నారు. వాళ్ళను చూసి లోకం ఇది శాస్త్రం అని మెచ్చుకుంది.

మన దేశంలో సుశ్రుత సంహితలో శవాన్ని పారే నీళ్ళలో ఏడు రోజులు నానబెట్టి, పొర పొరగా ఒలిచి చూడమని రాశారు. తర్వాతి కాలంలో శవాన్ని ముట్టుకోవడమే అంటు అయిపోయింది. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా అనే పండితుడు శవాన్ని కోయడమే అప్పట్లో పెద్ద వార్త.

మరి అన్ని వందల ఏళ్ళూ మన పల్లెల్లో ఒంటి నిర్మాణం ఎవరికీ తెలియదా? తెలుసు. చచ్చిన గొడ్డును కోసి తోలు తీసినవాళ్ళకు తెలుసు. ఏ కీలు దగ్గర కత్తి పెడితే ఎముక విడిపోతుందో, కండ ఎక్కడ నరమై ఎముకకు అతుక్కుంటుందో, తోలు ఎక్కడ పలచనో ఎక్కడ మందమో వాళ్ళ వేళ్ళకు తెలుసు. చెప్పు కుట్టినవాళ్ళకు పాదం కొలత తెలుసు. డప్పుకు తోలు బిగించినవాళ్ళకు లాగితే అది ఎంత సాగుతుందో తెలుసు. ఒక చోట శాస్త్రం అయిన విద్య మన దగ్గర అంటరాని పని అయింది. మనలో కొందరి తాతలు చేసిన పని అదే. ఈ విద్య ఎక్కడి నుంచో మనకు అరువు రాలేదు. మన వాళ్ళ చేతుల్లో ఉన్నదాన్ని మనం కాగితం మీదికి తెచ్చుకుంటున్నాం, అంతే. ఈ సంగతి తెలిస్తే పెన్సిలు పట్టుకునేటప్పుడు జంకు ఉండదు.

మొదటి మెట్టు: ముక్కలూ కీళ్ళూ

తోలుబొమ్మను దగ్గరగా చూశారా? భుజం నుంచి మోచేయి దాకా ఒక ముక్క, మోచేయి నుంచి మణికట్టు దాకా ఒక ముక్క, చేయి వేరే ముక్క. ముక్కకూ ముక్కకూ మధ్య దారంతో ముడి. ఆ ముడే కీలు. ముక్క వంగదు, ముడి దగ్గరే మడత పడుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఈ బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ నేర్చుకునేవాడికి మొదటి పాఠం ఇదే. ఎక్కడ కీలు ఉందో అక్కడే వంచు, వేరే చోట వంచకు.

రెండో పాఠం మన పక్కనే ఏటికొప్పాకలో ఉంది. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, లక్క రంగు పూసి బొమ్మలు చేస్తారు. తల గుండ్రం, ఒళ్ళు గొట్టం, గౌను గరాటు. మనిషిని కూడా ముందు అలాగే చూడాలి. తల గుడ్డు ఆకారం, ఛాతీ బోర్లించిన బుట్ట, కటి భాగం చిన్న పెట్టె, కాళ్ళూ చేతులూ గొట్టాలు. ఈ ఆకారాలు సరిగ్గా కుదిరాకే ముక్కూ కళ్ళూ, చొక్కా మడతలూ.

రెండో మెట్టు: కొలతలు

ఎదిగిన మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు ఉంటుంది. లెక్క సులువు కోసం చిత్రకారులు ఎనిమిది పెట్టుకుంటారు. తల పైనుంచి గడ్డం దాకా 1. చనుమొనల దగ్గర 2. బొడ్డు దగ్గర 3. కాళ్ళు మొదలయ్యే చోట 4, అంటే సరిగ్గా సగం. మిగతా నాలుగింటి మధ్యన మోకాలి కింది అంచు. ఏడాది బిడ్డ ఎత్తు సుమారు 4 తలలే. అందుకే పెద్దవాళ్ళ కొలతలతో పిల్లల్ని గీస్తే పొట్టి మనిషిలా కనపడతారు.

ఇంకొన్ని కొలతలు మీ ఒంటి మీదే చూసుకోండి. తల ఎత్తుకు సరిగ్గా సగంలో కళ్ళుంటాయి. కొత్తవాళ్ళు నుదురు తగ్గించి కళ్ళు పైకి పెట్టేస్తారు. అరచేయి ఎత్తి మొహం మీద పెట్టుకుంటే గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే దాకా వస్తుంది. చేతులు వేలాడేస్తే మోచేయి నడుము దగ్గర, వేళ్ళ చివరలు తొడ మధ్యన ఉంటాయి. రెండు చేతులూ బారలా చాపితే దాదాపు మన ఎత్తు.

ఇవి సగటు లెక్కలు. ఎదుటి మనిషి ఈ లెక్కకు ఎక్కడ తేడాగా ఉన్నాడో అక్కడే ఆ మనిషి పోలిక ఉంటుంది.

మూడో మెట్టు: కొండలో రాయి, ఒంట్లో ఎముక

ఎదిగిన మనిషికి 206 ఎముకలు. అన్నిటి పేర్లూ బట్టీ పట్టనక్కర్లేదు. యారాడ కొండ చూడండి. చాలా చోట్ల మట్టీ తుప్పలూ కప్పేసి ఉంటాయి. కొన్ని చోట్ల మాత్రం రాయి బయటికి పొడుచుకు వస్తుంది. ఆ రాళ్ళను బట్టి కొండ ఎటు వంగిందో తెలుస్తుంది. మనిషి ఒళ్ళూ అంతే. బక్కవాడికైనా లావువాడికైనా కొన్ని చోట్ల ఎముక చర్మానికి ఆనుకునే ఉంటుంది. మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక, మోచేయి కొన, మణికట్టు బయటి బొడిపె, తుంటి అంచు, మోకాలి చిప్ప, ముంగాలి ఎముక, చీలమండ. తల వంచితే మెడ వెనక బొడిపెలా తగిలేది ఏడో వెన్నుపూస. ముందు ఈ చుక్కలు పెట్టుకుని తర్వాత గీతలు కలిపితే బొమ్మ నిలబడుతుంది.

వెన్ను ఒకే కర్ర కాదు. కదిలే పూసలు మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5. ఛాతీ పూసలకు పక్కటెముకలు అతుక్కుని ఉంటాయి కాబట్టి అక్కడ వంపు తక్కువ. మెడ దగ్గరా నడుము దగ్గరా వంపు ఎక్కువ.

ముంజేతిలో రెండు ఎముకలున్నాయి, రత్ని, అరత్ని. అరచేయి పైకి పెడితే అవి పక్కపక్కన ఉంటాయి. బోర్లిస్తే బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా అడ్డం పడుతుంది. అందుకే తెడ్డు పట్టిన చేయి, బిచ్చం అడిగే చేయి ఒకేలా ఉండవు.

కండరం గురించి ఒక్క సూత్రం చాలు. కండరం లాగగలదు గానీ తోయలేదు. మోచేయి మడిచేటప్పుడు ముందు కండ బిగుస్తుంది, వెనకది సాగుతుంది. చాపేటప్పుడు వెనకది బిగుస్తుంది. రెండు వైపులా ఉబ్బించి గీస్తే అది సినిమా పోస్టరు అవుతుంది, పనిచేసే చేయి అవదు.

నాలుగో మెట్టు: మూడు భంగిమలు

వల లాగేవాడు. చాలామంది ఇక్కడ చేతుల కండలు ఉబ్బించి గీస్తారు. ఒడ్డున నిలబడి చూడండి. లాగేవాడి చేతులు దాదాపు తిన్నగా ఉంటాయి. మడమలు ఇసుకలో దిగబడి, తుంటి కిందికి జారి, ఒళ్ళంతా వెనక్కి వాలి ఉంటుంది. లాగేది చెయ్యి ఒక్కటే కాదు, మొత్తం ఒంటి బరువు. ఆ క్షణంలో తాడు తెగితే అందరూ వెనక్కి పడిపోతారు. బొమ్మలో ఆ పడిపోయే వాలు కనపడాలి. తాడూ ఒళ్ళూ కలిసి చేసే కోణం ముందు గీసి, తర్వాత మనిషిని గీయండి.

మూట మోసేవాడు. వీపు మీద బస్తా ఉన్న మనిషి ఎప్పుడూ ముందుకు వంగుతాడు. బస్తా బరువూ ఒంటి బరువూ కలిపి పాదాల మీద పడకపోతే వెనక్కి పడిపోతాడు. బస్తా గీసి మనిషిని నిటారుగా పెడితే అది దూది బస్తా అని చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. నెత్తిన గంప పెట్టుకున్న ఆడమనిషిది వేరే లెక్క. మెడా వెన్నూ నిలువుగా ఉంటాయి, కదలికంతా తుంటి దగ్గర ఉంటుంది.

నాట్లు వేసే అమ్మ. ఇది యారాడ ఒడ్డున కనపడదు, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చూడాలి. వంగిన మనిషి అనగానే పొట్ట దగ్గర విల్లులా వంచి గీస్తాం. కానీ నాట్లు వేసేటప్పుడు మడత పడేది ముఖ్యంగా తుంటి కీలు దగ్గర. కాళ్ళు దాదాపు తిన్నగా ఉంటాయి, పిరుదులు వెనక్కి వెళ్తాయి, వీపు బల్లలా పరుచుకుంటుంది, తల వేలాడుతుంది. ఆ బల్ల లాంటి వీపు బరువంతా పూట పూటంతా నడుము పూసలే మోస్తాయి. సాయంత్రం అమ్మ నడుం పట్టుకుని ఎందుకు లేస్తుందో ఈ బొమ్మ వేసినవాడికి తెలుస్తుంది. శరీర నిర్మాణం నేర్చుకోవడం వల్ల వచ్చే అసలు లాభం ఇదే. మన వాళ్ళ ఒంటి మీద పని ఏ చోట ఎంత బరువు పెడుతుందో మనం చూడగలుగుతాం, చూపించగలుగుతాం.

సాధన బొమ్మ, సొంత బొమ్మ

ఇలా నేర్చుకున్నవాళ్ళు మన దగ్గర ఉన్నారు. రాజమండ్రి వాడైన దామెర్ల రామారావు (1897–1925) అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. మనిషిని ఎదురుగా నిలబెట్టి గీసే చదువు అక్కడ చదివాడు. ఆ చదువుతో బొంబాయి బొమ్మలు వేస్తూ ఉండిపోలేదు. తిరిగి వచ్చి గోదావరినీ తెలుగు మనుషులనూ గీశాడు, తోటివాళ్ళకు నేర్పాడు. మశూచితో 27 ఏళ్ళకే పోయాడు. రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న చిత్రశాలలో పూర్తయిన చిత్రాలతో పాటు సాధన గీతలు కూడా ఉన్నాయి. వెళ్ళినవాళ్ళు ఆ గీతల దగ్గర ఎక్కువసేపు నిలబడండి.

మద్రాసు కళాశాలకు 1929 నుంచి చాలా ఏళ్ళు ప్రిన్సిపాల్‌గా ఉన్న దేవీప్రసాద్ రాయ్ చౌదరి చేసిన శ్రమ విజయం విగ్రహం 1959 నుంచి మెరీనా ఒడ్డున ఉంది. నలుగురు మనుషులు ఒక బండరాయిని కదుపుతుంటారు. ఒంటి మీద ప్రతి కండా తెలుస్తుంది గానీ కండలు చూపించుకోవడానికి ఒక్కడూ నిలబడలేదు, అందరి బరువూ రాయి మీదే. ఆయన దగ్గర చదువుకున్న మన ఉత్తరాంధ్ర చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారు విజయనగరంలో ఎందరికో బొమ్మలు నేర్పారు, ఇక్కడి పల్లె ఆడవాళ్ళను తన సొంత తీరులో గీశారు.

బెంగాల్‌లో రామ్‌కింకర్ బైజ్ మంగలి పని చేసుకునే పేద ఇంట్లో 1906లో పుట్టాడు. 1938లో శాంతినికేతన్‌లో ఆయన చేసిన సంతాల్ కుటుంబం విగ్రహంలో రాజులూ దేవతలూ లేరు. పిల్లల్నీ సామాన్లనీ మోసుకుంటూ నడిచిపోయే కూలి కుటుంబం, వెంట ఒక కుక్క. అది సిమెంటూ కంకరతో చేసిన విగ్రహం. పాలరాయి కొనే స్తోమత లేదని బొమ్మ ఆపుకోనక్కర్లేదని దాన్ని చూసి తెలుసుకోవచ్చు.

చందమామ, యువ ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారిది (1921–1992) మన శ్రీకాకుళమే, అనకాపల్లి దగ్గర కశింకోటలో ఉండేవారు. ఆయన బొమ్మల్లో ఒళ్ళు మామూలు కొలతలకు లొంగదు. వంపులు ఎక్కువ, సాగదీత ఎక్కువ. అయినా ఎక్కడా విరిగినట్టు అనిపించదు. కీలు ఎక్కడుందో తెలిసినవాడు కొలత దాటినా బొమ్మ చెడదు.

వారం లెక్క

స్టడీ అవర్‌కు అడ్డం రాకుండా రోజుకు 40 నిమిషాలు చాలు. పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాత నోట్సుల్లో మిగిలిన తెల్ల కాగితాలు, ఒక హెచ్.బి. పెన్సిలు, ఒక 4బి పెన్సిలు ఉంటే సరి.

సోమ, మంగళవారాలు: స్నేహితుణ్ణి నిలబెట్టి నిమిషానికొక బొమ్మ. మొహం వద్దు, ఒంటి వాలు మాత్రమే. వాళ్ళు మిమ్మల్ని గీసేటప్పుడు మీరు నిలబడాలి.

బుధవారం: సైన్సు పుస్తకంలో అస్థిపంజరం బొమ్మ చూసి ఒక్క భాగం గీయండి. చేయి అయితే చేయి, పాదం అయితే పాదం.

గురువారం: పుస్తకం మూసి అదే భాగం గుర్తు మీద గీయండి. తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోండి.

శుక్రవారం: బట్టలు ఉతికేవాళ్ళనో, కబడ్డీ ఆడేవాళ్ళనో చూసి రెండేసి నిమిషాల బొమ్మలు.

శని, ఆదివారాలు: సొంత బొమ్మ. ఎవరి బొమ్మకూ నకలు వద్దు. మీ ఊరు, మీ ఇల్లు, మీరు చూసిన పని. ఎక్కడ చేయి ఆగిపోయిందో ఆ భాగం పక్కన చిన్న గుర్తు పెట్టండి. వచ్చే బుధవారం ఆ భాగమే పాఠం.

ప్రతి కాగితం మీద తేదీ వేయండి. చింపి పారేయొద్దు. మూడు నెలల తర్వాత మొదటి కాగితం, చివరి కాగితం పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇంకొకరి బొమ్మతో పోల్చుకోవడం కంటే ఇది మేలు.

అడిగి గీయాలి

పనిచేసే మనుషుల్ని గీసేటప్పుడు మర్యాద ముఖ్యం. "బాబాయ్, మీ బొమ్మ గీసుకుంటాం" అని అడగండి. వద్దంటే ఊరుకోండి. స్నానాలు చేసేవాళ్ళను, విశ్రాంతిగా ఉన్న ఆడవాళ్ళను చాటుగా గీయవద్దు. గీసింది వాళ్ళకు చూపించండి. "తాడు అలా పట్టుకోం బాబూ, ఇలా పట్టుకుంటాం" అని వాళ్ళు చెప్పే ఒక్క మాట పుస్తకంలో పది పేజీల పెట్టు. మన బొమ్మను దిద్దగలిగిన మాస్టార్లు వాళ్ళే.

ఇంకో మాట. మన వాళ్ళను జాలి పుట్టేలా ఎముకల గూడులా గీయడం ఒక అలవాటు, వీరుల్లా కండలు పెంచి గీయడం ఇంకో అలవాటు. రెండిట్లోనూ అసలు మనిషి ఉండడు. చూసింది చూసినట్టు గీస్తే జాలీ గౌరవమూ వాటంతట అవే వస్తాయి.

ముందుకు దారి

బొమ్మ మీద ఇష్టం గట్టిగా ఉంటే చదువుగానూ చేసుకోవచ్చు. ప్రభుత్వ పరీక్షల విభాగం టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు కింద డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పెడుతుంది. ప్రకటన పడినప్పుడు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని అడగండి. ఇంటర్ తర్వాత బి.ఎఫ్.ఏ. చదవాలంటే మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే లలిత కళల విభాగం ఉంది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, కడపలో 2020లో మొదలైన ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రవేశానికి ముందు బొమ్మ వేయించి చూసే చోట మూడు నెలలు దాచుకున్న ఆ కాగితాల సాధన అక్కరకొస్తుంది. డాక్టరీ చదవాలనుకునేవాళ్ళకూ, నర్సింగు చదివే చెల్లెళ్ళకూ ఈ గీతలు పనికొస్తాయి. చేత్తో గీసిన ఎముక పేరు పరీక్షలో మరిచిపోవడం కష్టం.

వచ్చే వార్షికోత్సవ సంచికకు ముఖచిత్రం కావాలి. బజారులో కొన్న బొమ్మో, ఫోన్లో వెతికి తీసిన బొమ్మో వద్దు. మన పిల్లల్లో ఒకరు వేసింది కావాలి. రాజూ రాణీ అక్కర్లేదు. వల లాగే మనిషైనా సరే, మూట దించుకుంటున్న నాన్నైనా సరే, నాట్లలో వంగిన అమ్మైనా సరే. నడుము మాత్రం వంగే చోటే వంగాలి. ఈ రోజే ఒక కాగితం తీసుకుని, పైన తేదీ వేసి, మొదలుపెట్టండి.